ఎన్నారై సందేహాలు: పడమటి బెడ్‌రూమ్, జూలై ఎండ

ప్రశ్న: అక్కా, గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లోని స్లౌ వచ్చి ఐదు నెలలైంది. అద్దె ఇల్లు. మేడమీద పడమటి బెడ్‌రూమ్ సాయంత్రానికి పొయ్యిలా అయిపోతోంది. రాత్రి పదైనా బాబుకు నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఆలోపు గదికి రంగు వేసి, కర్టెన్లు, మంచం మార్చాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: చెల్లీ, రంగు డబ్బా కొనే ముందు కిటికీ సంగతి చూడు.

మన ఊళ్లో ఎండను బయటే ఆపేస్తాం. కిటికీ మీద సన్‌షేడ్ ఉంటుంది, ముందు వరండా ఉంటుంది, పైన ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. ఇక్కడి ఇళ్లలో అవేవీ కనబడవు. చలికాలంలో వెచ్చదనం బయటికి పోకుండా ఉండేలా కట్టిన ఇళ్లివి. అద్దంలోంచి లోపలికొచ్చిన ఎండ వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. సీలింగ్ కూడా దాదాపు ఎనిమిది అడుగులే, సీలింగ్ ఫ్యాన్లు అరుదు. దానికి తోడు జూన్, జూలైలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. పడమటి గదిలో పసివాడు ఎలా పడుకుంటాడు చెప్పు?

అందుకని మొదటి ఖర్చు వెలుతురు రానివ్వని బ్లాకౌట్ కర్టెన్ల మీద పెట్టు. గదిలోకి కనబడే వైపు నీకు నచ్చిన రంగు ఉండనీ, అద్దం వైపు లైనింగ్ మాత్రం తెల్లగా ఉండాలి. కిటికీకి రెండు పక్కలా ఒక జానెడు ఎక్కువ వెడల్పు తీసుకో, లేకపోతే అంచుల్లోంచి ఎండ గీతలు గీతలుగా మంచం మీద పడుతుంది. మధ్యాహ్నం ఎండ అటు తిరగకముందే కిటికీ, కర్టెన్ రెండూ మూసెయ్. బయట గాలి గదికంటే చల్లబడ్డాక మేడమీది కిటికీలన్నీ తెరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు గాలి ఆడనివ్వు. ఈ పద్ధతి అత్తయ్యగారికి నీకంటే బాగా తెలిసి ఉంటుంది. టేబుల్ ఫ్యాన్ ఒకటి కొనుక్కో. కానీ గదిలో 35 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడి గాలినే కొడుతుంది. అప్పుడు పెద్దవాళ్లను కింద హాల్లో పడుకోబెట్టు. బ్లైండ్ పెట్టిస్తే తాడు లేని రకం తీసుకో. వేలాడే తాడు పిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. బాబు ఎక్కి నిలబడేలా మంచం కిటికీ కిందికి జరపొద్దు.

ఇక రంగు. 2022 జూలైలో మా అమ్మాయి గదికి నేనే రంగు వేశాను. ఆ వారమే, 19వ తేదీన, లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. నెల్లూరు ఎండలో పెరిగినదాన్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందని మధ్యాహ్నం రెండింటికి రోలర్ పట్టుకున్నాను. గోడ ఆ చివరకు వెళ్లి వెనక్కి వచ్చేలోపు మొదటి పట్టీ ఆరిపోయింది. ఆరిన అంచు మీద తడి రంగు పడి, గోడంతా నిలువు చారలు తేలాయి. రోలర్ మీద రంగు పెరుగు తొరకలా గడ్డకట్టింది. ఆ గోడను సాండ్‌పేపర్‌తో రుద్ది మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది.

నువ్వు మాత్రం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఎండ రాకముందే ఒక కోటు ముగించు. గోడను ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు తడిగా ఉండగానే పక్క పట్టీ కలుపుకుంటూ పో. మధ్యలో టీకి దిగొద్దు. రెండో కోటు మర్నాడు పొద్దున వేసుకో. మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గదికి రెండు కోట్లకు ఐదు లీటర్ల ఎమల్షన్ సరిపోతుంది. సీలింగ్ మీద గరుకు డిజైన్ ఉంటే, ఇల్లు 2000కి ముందు కట్టినదైతే, దాన్ని గీకొద్దు, రుద్దొద్దు. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఈ దేశంలో 1999 దాకా దాన్ని పూర్తిగా నిషేధించలేదు.

అద్దె ఇల్లని రాశావు కదా, రంగుకు ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఫోన్లో "సరే" అంటే చాలదు. మేం వచ్చిన కొత్తలో ఒక గోడకు ముదురు నీలం వేశాం. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పాత మగ్నోలియా (లేత మీగడ) రంగు వేయించడానికని డిపాజిట్‌లో కోత పెట్టారు. మాట మీద ఒప్పుకున్నారని నిరూపించలేకపోయాం, చాలా బాధపడ్డాను. ఇంగ్లండ్‌లో నీ డిపాజిట్‌ను ఓనరు గానీ ఏజెంటు గానీ 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో పెట్టాలి. ఏ స్కీమ్‌లో ఉందో కనుక్కో. గొడవ వస్తే అక్కడ ఉచితంగా తేలుస్తారు, కానీ వాళ్లకు కాగితం, ఫొటోలు కావాలి. ఇప్పుడే నాలుగు గోడలూ ఫొటో తీసి పెట్టు.

మంచానికి మాత్రం తొందరపడకు. ఇక్కడి కింగ్ సైజు పరుపు 150 సెంటీమీటర్ల వెడల్పు, ఐరోపా కొలత 160. మంచం ఒక చోట, పరుపు ఒక చోట కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. టేపు పెట్టి కొలిచాకే డబ్బు కట్టు. ఇంట్లో ఉన్న లావు డూవే (ఇక్కడి మెత్తటి బొంత) లేబుల్ మీద 13.5 టాగ్ అని ఉందేమో చూడు, టాగ్ అంటే వెచ్చదనం కొలత. అది చలికాలానిది. వేసవికి 4.5 చాలు. అసలు ఇంత ఎండలో డూవే తీసేసి ఉత్త కాటన్ కవర్ కప్పుకున్నా సరిపోతుంది. అత్తయ్యగారిని 90 బై 108 అంగుళాల నూలు దుప్పట్లు రెండు తెమ్మను. కింగ్ పరుపుకు చక్కగా సరిపోతాయి, చెమట కూడా పీల్చుకుంటాయి.

ఏజెంటుకు ఈమెయిల్ ఈ రోజే పెట్టు. వేసవిలో అక్కడ సగం మంది సెలవుల్లో ఉంటారు. జవాబు రావడానికి వారం పట్టినా, పెద్దవాళ్లు దిగేలోపు రంగు వాసన పోవడానికి నీకు పది రోజులైనా మిగలాలి.