మీ ముత్తాత చెప్పుల సంగతి

చిన్నీ,

మీ ముత్తాత కిర్రు చెప్పులు అటక మీంచి దించావనీ, బాగుచేసి అద్దాల పెట్టెలో పెడతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత మురిసిపోయానో! రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే టెన్షన్.

మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపు. వేలికి ఎర్రటి పొడి అంటితే అక్కడితో ఆపెయ్. అలాంటి తోలుకి తడి తగిలితే నల్లబడి గట్టిపడిపోతుంది.

ఎడమ చెప్పు చిన్నగా ఉందేమిటని అడిగావట. తాతకి ఒక కాలు పొట్టి అని ఇంట్లో అందరూ అనుకుంటారు. కాదమ్మా, అది నా నిర్వాకం. 1981లో మ్యూజియంలో కొత్తగా చేరాను. అన్నీ వచ్చేశాయనుకునే వయసు. పడవలా పైకి లేచిన చెప్పును సాపు చేద్దామని గోరువెచ్చటి నీళ్ల బేసిన్‌లో వేశాను. చెయ్యి పెడితే హాయిగా ఉండే వేడి, అంతే. చూస్తుండగానే అంచులు అప్పడంలా ముడుచుకున్నాయి. కంగారుగా తీసి లాగితే బొటనవేలి దగ్గర పుటుక్కుమంది. తంగేడు చెక్కతో పదును చేసిన కొత్త తోలు 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. చివికిన తోలు తడిగా ఉంటే 40కే ముడుచుకుపోవచ్చు. ఇక సాగదు. నాన్న పల్లెత్తు మాట అనలేదు. పాత పంచె ముక్కలో చుట్టి అటకెక్కించాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

బేసిన్, హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్లావో, ఊరుకోను! ఎర్రపొడి అంటకపోతేనే, వంకర తీయడానికి నీటిని ఆపి ఆవిరిని మాత్రం వదిలే గోర్‌టెక్స్ గుడ్డ తోలు మీద పరిచి, దానిపై చెమ్మగా ఉన్న బ్లాటింగ్ పేపర్ పెట్టు. మాటిమాటికీ చూస్తూ ఉండు. మెత్తబడిన మేరకే వంచి, తెల్ల కాగితం ఉండల ఆసరా ఇచ్చి నీడలో వదిలెయ్. వారాలు పట్టినా పట్టనీ. మడమ వైపు మాత్రం చెమ్మ పోనివ్వకు, అక్కడ కొట్టిన ఇనుప నాడా తుప్పు పడుతుంది. మేకుల చుట్టూ నల్లమచ్చలు ఇనుముకీ తంగేడు వగరుకీ పుట్టినవి. కడిగితే పోవు.

ఇత్తడి గుబ్బల చుట్టూ ఆకుపచ్చ మైనం చూశావా? మీ నానమ్మ ఏటా దసరాకి ఆముదం పట్టించేది. ఆ నూనే ఇత్తడిలోని రాగితో కలిసి అలా పేరుకుంది. టూత్‌పిక్‌తో మెల్లగా గీకు. చింతపండు వద్దు, నూనె అసలే వద్దు. ఆవిడకి చెప్పలేకపోయాను, నువ్వైనా విను.

కుడిదాంతో మొదలుపెట్టు. ఎడమదాన్ని నేను వచ్చేదాకా ఆ పంచెలోనే ఉండనీ, తల్లీ.

మీ పెదనాన్న