మిజు యోకాన్ శాకాహారమేనా? మధుమేహం ఉన్నవారు తినవచ్చా?

జులైలో ఒసాకాలోని మీ అబ్బాయి దగ్గరకు వెళ్తున్నామని, అక్కడ వేసవిలో చల్లగా తినే మిజు యోకాన్ అనే జపాన్ మిఠాయి శాకాహారమేనా, మధుమేహం ఉన్న మీవారికి పెట్టవచ్చా అని అడిగారు. నేను నగోయాలో ఏడేళ్లు ఉన్నాను కనుక అనుభవంతో చెబుతున్నాను.

సంప్రదాయ పద్ధతిలో చేసినది శాకాహారమే. అజుకి అనే చిన్న ఎర్ర గింజలను ఉడికించి, మెదిపి, పొట్టు పోయేలా వడకట్టిన ముద్దలో చక్కెర, నీళ్లు, కాంతెన్ కలిపి గడ్డకట్టిస్తారు. కాంతెన్ సముద్రపు నాచు నుంచి తీసేది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. యాలకులు వేయని పూర్ణాన్ని పలుచన చేసి గడ్డకట్టిస్తే ఎలా ఉంటుందో, రుచి ఇంచుమించు అలా ఉంటుంది. ఇంతా చేసి యోకాన్ అన్న పేరుకు మూలార్థం గొర్రె మాంసపు పులుసు! చైనా నుంచి వచ్చిన ఆ వంటకాన్ని, మాంసం ముట్టని జెన్ భిక్షువులు గింజలతో చేసుకున్నారు.

చక్కెర విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 100 గ్రాముల మిజు యోకాన్‌లో సుమారు 170 కేలరీలు, 40 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. మాంసకృత్తులు మూడు గ్రాములు కూడా ఉండవు, కొవ్వు దాదాపు లేనట్లే. గట్టి యోకాన్‌లో 290 కేలరీల దాకా ఉంటాయి కనుక ఇది తేలికే, కానీ ఆ తేడా ప్రధానంగా నీళ్లది. పైగా చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. మా నాన్నగారు వచ్చినప్పుడు "ఇందులో తీపే లేదమ్మా" అంటూ భోజనం మీద 70 గ్రాముల డబ్బాలు రెండు తినేశారు. రెండు గంటల తరువాత వేలు గుచ్చి చూస్తే 240 దాటింది. అప్పటి నుంచి ఒక డబ్బాను ఇద్దరం పంచుకుని, ఆ పూట అన్నం తగ్గించేవాళ్లం. మీవారికి ఎంతవరకు సరిపడుతుందో వైద్యులను అడిగి నిర్ణయించుకోండి.

ఇంట్లో చేసుకుంటే చక్కెర తగ్గించుకోవచ్చు, కానీ తగ్గించిన కొద్దీ నిలవ ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజుల్లో తినేయాలి. కాంతెన్‌ను పూర్తిగా కరిగేదాకా మరిగించండి. తరువాత గిన్నెను చన్నీళ్లలో ఉంచి, గోరువెచ్చని స్థితికి కాస్త ముందు వరకు కలుపుతూనే ఉండి, అప్పుడు అచ్చులో పోయండి. నేను మొదటిసారి వేడిగానే పోసేశాను. తెల్లారి చూస్తే అడుగున గింజల ముద్ద, పైన రంగునీళ్ల గడ్డ.