ఐయోనైజర్ పడనివాళ్లు హైబ్రిడ్ కారు కొనొచ్చా?

కొనొచ్చు; ఐయోనైజర్ ఉండేది ఏసీలో, దానికీ హైబ్రిడ్ బ్యాటరీకీ సంబంధం లేదు, కాబట్టి అది లేని వేరియంట్ చూసుకుంటే సరిపోతుంది. ఐయోనైజర్ హై వోల్టేజ్‌తో గాలిలోకి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సూక్ష్మ కణాలు, వదులుతుంది. ఆ క్రమంలో కొద్దిగా ఓజోన్ కూడా పుట్టొచ్చు. కొందరికి గొంతు గరగరలాడేది దానివల్ల కావచ్చు. ఉదాహరణకు టయోటా, లెక్సస్ కొన్ని మోడళ్లలోని 'నానో-ఈ' అనే ఇలాంటి పరికరం, ఫ్యాన్ వేయగానే దానంతటదే మొదలై డ్రైవర్ వైపు వెంట్‌లోంచి అయాన్లు వదులుతుంది. బ్రోచర్‌లో 'ఎయిర్ ప్యూరిఫయర్' అని మాత్రమే రాస్తే నమ్మకండి, ఓనర్స్ మాన్యువల్‌లో ఏసీ అధ్యాయం చదవండి. ఆఫ్ బటన్ ఉందా, బండి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆఫ్‌లోనే ఉంటోందా అన్నది టెస్ట్ డ్రైవ్‌లో, అద్దాలు మూసి, కనీసం పావుగంట చూడాలి. క్యాబిన్ ఫిల్టర్ తీసేస్తే అయాన్లు ఆగుతాయనుకోవడం పొరపాటు. ఫిల్టర్ దుమ్ము పట్టేది మాత్రమే, ఐయోనైజర్ వేరే పరికరం.