కలాపనా బుధవారం సంతకు వెళ్లే ముందు

అమ్ములూ,

హవాయిలోని హిలోలో దిగిన వారంలోనే అక్కడి కలాపనా ఊరి రాత్రి సంతకు వెళ్తున్నామని చెప్పావు. ఎంత సంతోషమేసిందో! అబ్బాయి దగ్గర ఉన్నన్నాళ్లూ నేను వీలైన ప్రతి బుధవారం అక్కడికి వెళ్లేదాన్ని. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి. అది మైదానంలో పెట్టిన ఎగ్జిబిషన్ కాదు, ఒక కుటుంబం ఇంటి ఆవరణ. ఊరంతా అంకుల్ రాబర్ట్ అని పిలుచుకున్న రాబర్ట్ కెలీహోఓమాలు గారి స్థలం. ఆయన 2015లో పోయారు. ఇప్పుడు ఆయన కుటుంబమే నడుపుతోంది. 1990లో కిలౌయా అగ్నిపర్వతం లావా కలాపనాలో వందకు పైగా ఇళ్లనూ, కైమూ దగ్గరి నల్ల ఇసుక తీరాన్నీ కప్పేసింది. చిన్న చర్చిని లావా చేరకముందే లేపి వేరే చోటికి తరలించారు. ఊరే పోయాక ఊరివాళ్లు మళ్లీ ఒకచోట కలుసుకుంటున్నారంటే అది ఇక్కడే. కాబట్టి చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లు. ఎదురైన పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అని పలకరించు. అక్కడ అది మన పిన్నిగారు, బాబాయిగారు లాంటి పిలుపే, అపరిచితులకైనా వాడతారు. నమస్కారానికి అలోహా, ధన్యవాదాలకు మహాలో అనడం బుజ్జిదానికి కూడా నేర్పు. మన మాటల్లాగే వాళ్ల మాటలూ అచ్చుతోనే ముగుస్తాయి, దానికి ఇట్టే నోరు తిరుగుతుంది.

పొద్దు ఉండగానే చేరండి. హిలో నుంచి పహోవా మీదుగా గంటలోపు ప్రయాణం. రోడ్డు లావా దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి గట్టిపడిన లావా మీద నడుస్తూ కొత్తగా ఏర్పడిన నల్ల ఇసుక తీరం దాకా వెళ్లొచ్చు. దారి పొడవునా ఊరివాళ్లు నాటిన కొబ్బరి మొక్కలుంటాయి, చూడు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఆ రాయి గాజులా కోస్తుంది. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, అలలు చాలా బలంగా ఉంటాయి. జేబులో గులకరాయి కూడా వేసుకోవద్దు. అది అగ్నిపర్వతాల దేవత పెలె అమ్మవారి సొత్తని వాళ్ల నమ్మకం.

ఇక తిండి. వాళ్లకు చేమదుంప అంటే ప్రాణం. చేమ మొక్కను తమ అన్నగా చెప్పుకుంటారు. ఉడికించి రాతితో దంచిన ముద్దను పోయ్ అంటారు. ఆ గిన్నె తెరిచి ఉండగా గొడవ పడకూడదని పెద్దలు చెబుతారు. జిగటగా, కాస్త పుల్లగా ఉంటుంది. నచ్చకపోయినా ముఖం చిట్లించకు. లావ్‌లావ్ చేమాకుల్లో చుట్టి ఆవిరి మీద వండుతారు, లోపల పంది మాంసం ఉంటుంది. అల్లుడు శాకాహారి కదా, ప్రతిచోటా అడిగి తీసుకోండి. చేమ తురుము, కొబ్బరిపాలు, చక్కెర కలిపి చేసే కులోలో దొరికితే వదలొద్దు, అచ్చం హల్వాలా ఉంటుంది. నగదు దగ్గర ఉంచుకో.

ఒక మొక్క వేళ్లతో చేసే ఆవా అనే పానీయం కొబ్బరి చిప్పలో ఇస్తారు. బురదనీళ్ల రంగు, చేదు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. అల్లుడికి తాగాలనిపిస్తే నువ్వు కారు నడుపు. మద్యంతో కలిపి అసలు తాగకూడదు.

పాట మొదలయ్యాక కొంతసేపటికి ఎవరో ఒక ఆంటీ కూర్చున్న చోటి నుంచే లేచి వాళ్ల నాట్యం హులా చేస్తుంది. అప్పుడు ఫోన్ ఎత్తుకుని ఎదురుగా నిలబడకు. నువ్వు కూచిపూడి నేర్చుకున్నదానివి, చేతుల వెంటే చూపు పోనివ్వు. వాన, అల, పూలు, ఇష్టమైన మనిషి, అన్నీ ఆ చేతుల్లోనే ఉంటాయి. 1830లో కాఅహుమను అనే రాణి ఆ నాట్యాన్ని బహిరంగంగా చేయకూడదని ఆజ్ఞ ఇచ్చింది. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలో మళ్లీ దర్జాగా చేయించాడు. మధ్యలో ఆ విద్యను ఇళ్లలో దాచి కాపాడుకున్నారు. ఆ ఆంటీ చేతులు చూసినప్పుడల్లా నాకు ఆ విషయమే గుర్తొచ్చి కళ్లు చెమర్చేవి. వేగంగా బ్యాండ్ వాయించేటప్పుడు ఎలాగూ అందరూ లేస్తారు. నిన్ను చెయ్యి పట్టి లాగితే సిగ్గుపడకుండా వెళ్లు.

మెడలో ‘లే’ అనే పూలదండ వేస్తే కాదనకు, వాళ్ల ముందు తీయకు. మొదటిసారి వెళ్లినప్పుడు దండ తడిగా ఉందని నేను తీసి సంచిలో పెట్టాను. వేసినావిడ ముఖం చిన్నబోయింది. ఆ ముఖం ఇంకా మరిచిపోలేదు. ఇంటికొచ్చాక చెత్తబుట్టలో వేయకుండా చెట్టుకొమ్మకు వేలాడదీయి.

ఇంకొక్క కోరిక. సాయంత్రం ఆరున్నరకు వెనక వరసలో నిలబడి నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ కాకినాడలో అప్పుడు గురువారం ఉదయం పదవుతుంది. ఏమీ మాట్లాడక్కర్లేదు. చిన్న గిటార్ లాంటి ఆ యుకులేలే, దాని వెనక కోకీ కప్పల కూత, రెండు నిమిషాలు వినిపిస్తే చాలు.

మీ పెద్దమ్మ