పనికిరాని మూలలను సర్దుకోవడానికి నాలుగున్నర లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్ నిజాంపేటలో 1,050 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి బాబు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. హాల్లో పిల్లర్ పక్కన గూడు, వంటింటి మూల, గుమ్మం దగ్గర సన్నటి దారి, వాషింగ్ మెషీన్ ఉన్న బాల్కనీ కలిపి సుమారు 70 చదరపు అడుగులు వృథాగా ఉన్నాయి. అడుగు 5,500 చొప్పున కొన్నాం కాబట్టి 3,85,000 రూపాయలు పడి ఉన్నట్టేనని మావారు అంటున్నారు. ఇంటీరియర్ వాళ్లు 4,50,000 కొటేషన్ ఇచ్చారు. బ్యాంకు 13 శాతానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటోంది, పన్ను మినహాయింపు కూడా వస్తుందట. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,05,000 వస్తుంది. ఇంటి అప్పు వాయిదా 34,000, పిల్లల ఫీజులతో సహా ఇంటి ఖర్చు 45,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 12,000. అత్యవసర నిధి రెండు లక్షలు ఉంది. అప్పు తీసుకోమంటారా, లేక ఇది అమ్మి ట్రిపుల్ బెడ్‌రూమ్‌కు వెళ్లమంటారా?

జవాబు: అమ్మా, ఈ అప్పు తీసుకోవద్దు. అలాగని ఆ మూలలను అలాగే వదిలేయమని కూడా నేను చెప్పను. ఐదుగురు ఉంటున్న ఇంట్లో అమ్మాయి పుస్తకాలు పెట్టుకుని కూర్చోవడానికి ఒక చోటు కావాలన్నది నిజమైన అవసరమే.

ముందుగా మీవారి లెక్క గురించి చెబుతాను. ఆ 3,85,000 రూపాయలు ఫ్లాట్ కొన్న రోజే ఖర్చయిపోయాయి. ఇప్పుడు ఏం చేసినా అవి తిరిగి రావు కాబట్టి, ఇకపై పెట్టే ప్రతి రూపాయికీ రోజువారీ జీవితంలో ఏం ఒనగూరుతుందన్నది ఒక్కటే చూడాలి. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. బీరువానో మంచమో అయితే ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్లవచ్చు, వద్దనుకుంటే ఎంతో కొంతకు అమ్మవచ్చు. వంకర మూలకు కొలిచి చేయించిన అల్మరా ఆ మూలకే పనికొస్తుంది; ఊడదీస్తే చెక్క ముక్కలే మిగులుతాయి. అందువల్ల గోడకు బిగించే పనికి ఎంత తక్కువ పెడితే అంత మంచిది, అప్పు తెచ్చి మాత్రం అసలే పెట్టకూడదు.

మీరు పంపిన కొటేషన్‌ను పద్దుల వారీగా చూశాను. అందులో 1,65,000 ఫాల్స్ సీలింగ్‌కు, టీవీ ప్యానెల్‌కు వేశారు. వాటివల్ల ఒక్క అడుగు చోటు కూడా కలిసిరాదు. వంటింటి మూలలో సామానును బయటికి లాగే, తిరిగే అరకు (పుల్‌అవుట్) 48,000 అడిగారు. పండగలకు తీసే గుండిగలు, పెద్ద ఇడ్లీ పాత్ర ఆ మూలలోనే పెట్టుకుంటే, నెలకోసారి వంగి తీసుకోవడం పెద్ద కష్టం కాదు. ఈ రెంటినీ కొట్టివేయండి.

పిల్లర్ పక్కన గూడు రెండున్నర అడుగుల వెడల్పు, 16 అంగుళాల లోతు ఉందని రాశారు. దానికి 72,000 వేశారు. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగులుండే 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటి తెచ్చుకుంటే, గూడులోంచి ఎనిమిది అంగుళాలు ముందుకు వచ్చే రాత బల్ల, దాని పైన మూడు అరలు వచ్చాక కూడా సగానికి పైగా చెక్క మిగులుతుంది. ఇనుప బ్రాకెట్లు, మైకా, వడ్రంగికి రెండు రోజుల కూలి కలిపినా 12,000 దాటకూడదు. అరలు బిగించే ముందు స్విచ్ బోర్డు ఎక్కడుందో చూసుకుని, ప్లగ్ పెట్టేందుకు చేయి పట్టేంత ఖాళీ వదలమనండి. మొత్తం పనిలో అన్నిటికంటే ముందు చేయించవలసింది ఇదే.

గుమ్మం దగ్గర లోతు తక్కువగా ఉండే చెప్పుల స్టాండు ఆరు వేలకు, బాల్కనీకి బోల్టులతో బిగించే ఇనుప ర్యాక్ ఎనిమిది వేలకు దొరుకుతాయి. రెండూ ఎక్కడికైనా వెంట వస్తాయి. నీళ్లు చిమ్మే చోట 65,000 పెట్టి చెక్క కప్‌బోర్డు చేయించడం నాకు సమ్మతం కాదు. ఇక అటకలకు తలుపుల విషయానికి వస్తే, అవి పెట్టించే ముందు ఒక ఆదివారం వాటిని పూర్తిగా దింపండి. పాత పరుపులు, టీవీ అట్టపెట్టెలు, పెళ్లికి వచ్చిన స్టీలు సామాను, రెండేళ్లుగా చేయి తగలనివి ఎన్ని ఉన్నాయో చూశాక తలుపులు ఎన్ని కావాలో మీకే తెలుస్తుంది. వాటికి 22,000 అనుకున్నా, అన్నీ కలిపి 48,000 అవుతుంది.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. 13 శాతం మీద 4,50,000కు నెల వాయిదా దాదాపు 10,240. ఐదేళ్లలో వడ్డీయే సుమారు 1,64,000 అవుతుంది. ప్రస్తుతం నెలకు మీకు మిగిలేది 14,000 కాబట్టి, ఈ వాయిదా పోగా చేతిలో నాలుగు వేలు కూడా ఉండవు. పన్ను మినహాయింపు మాటను నమ్ముకుని నిర్ణయం తీసుకోకండి. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు కోసం తెచ్చిన అప్పు మీద పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వరకు వడ్డీకి మినహాయింపు ఉన్నా, అది కూడా ఇంటి అప్పు వడ్డీకి ఉన్న మొత్తం రెండు లక్షల పరిమితిలోనే. కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు. పైగా అల్మరాలు, బల్లలు మరమ్మతు కిందకు రావు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ అత్యవసర నిధి. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 79,000 అవుతుంటే, రెండు లక్షలు మూడు నెలలకు కూడా చాలవు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కనుక ఆరు నెలలకు సరిపడా 4,74,000 ఉండాలి. మిగులులో 9,000 రికరింగ్ డిపాజిట్‌లో వేసి, 5,000 మూలల పనికి పక్కన పెట్టండి. పది నెలల్లో పని మొత్తం పూర్తవుతుంది, నిధికి 90,000 తోడవుతుంది. సిప్‌ను ఆపవద్దు.

ట్రిపుల్ బెడ్‌రూమ్ ఆలోచన తప్పు కాదు, కానీ ఇప్పుడు కాదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం కాబట్టి 90 లక్షల ఫ్లాటుకు అవే 6,75,000 అవుతాయి. అమ్మాయి పదో తరగతి పూర్తయ్యేనాటికి మీ ఇంటి అప్పు ఎంత తగ్గిందో చూసుకుని మళ్లీ రాయండి.

ఈలోగా వడ్రంగిని మాట్లాడుకునేటప్పుడు ప్లైవుడ్ మీరే కొని బిల్లు తీసుకోండి. తడి తగిలే అవకాశం ఉన్నచోట వాడేదైతే షీటు మీద నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి. కూలిలో మూడో వంతుకు మించి అడ్వాన్సు ఇవ్వకుండా, మిగతాది బల్ల మీద అమ్మాయి కూర్చుని చూశాకే చెల్లించండి.