ఇజ్తిహాద్ చదవాలంటే ముందు లా చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో ఇంటర్ సీఈసీ పూర్తి చేసింది. ఇస్లామీ న్యాయశాస్త్రం, అందులోనూ ఇజ్తిహాద్ గురించి చదువుతానంటోంది. అది పెద్ద ఆలిములకే, అంటే మత పండితులకే సాధ్యమంటారు. రేపు ఉద్యోగం సంగతేమిటని టెన్షన్‌గా ఉంది. ఒక తండ్రి, వరంగల్

జవాబు: అమ్మాయిని ఆపకండి సార్. ఖురాన్, హదీసుల్లో నేరుగా జవాబు దొరకని సమస్యకు వాటి ఆధారంగానే పరిష్కారం వెతకడం ఇజ్తిహాద్. పాత తీర్పు వెనక ఉన్న కారణాన్ని కొత్త సమస్యకు వర్తింపజేసే ఖియాస్, జనహితాన్ని చూసే మస్లహా అందులో పద్ధతులు. ఒక్కరే ఇదంతా చేయడం కష్టమన్నది నిజం. అందుకే ఇప్పుడు ఎక్కువగా కలిసికట్టుగా చేస్తున్నారు. జెడ్డాలోని అంతర్జాతీయ ఫిఖ్ (ఇస్లామీ న్యాయశాస్త్ర) అకాడమీ 1986లో బ్రెయిన్ డెత్‌పై నిర్ణయం తీసుకునే ముందు స్పెషలిస్టు డాక్టర్ల మాట వింది.

మన దేశంలోని ఉదాహరణ మీ అమ్మాయికి తప్పక చెప్పండి. ఇస్లామీ న్యాయశాస్త్రంలో హనఫీ, మాలికీ వంటి వేర్వేరు సంప్రదాయాలున్నాయి. భర్త జాడ తెలియని స్త్రీకి మన దేశంలో ఎక్కువమంది పాటించే హనఫీ న్యాయంలో విడాకుల దారి దాదాపు మూసుకుపోయి ఉండేది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ పండితులను సంప్రదించి, వారి అభిప్రాయాన్ని తీసుకోవచ్చన్నారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ బాటలోనే నడిచింది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే భార్య కోర్టుకు వెళ్లవచ్చు. పండితుల ఆలోచన చట్టమయ్యాకే ఆ స్త్రీలకు కోర్టులో పనికొచ్చింది.

మత పండితులు ఇచ్చే ఫత్వాకు చట్టబద్ధత లేదని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి నా సలహా, ముందు లా. జాతీయ లా వర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ, రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే ఐదేళ్ల కోర్సు. లేదంటే డిగ్రీ చేసి సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. పక్కనే అరబీ ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఉర్దూ ఒక్కటే సరిపోదు, మూల గ్రంథాలన్నీ అరబీలోనే ఉన్నాయి. తర్వాత హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ ‘మనూ’లో ఇస్లామిక్ స్టడీస్ ఎంఏ చేయవచ్చు.

ఉపాధి అంటారా, ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు, అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ రాసి అధ్యాపక వృత్తి. ముస్లిం స్త్రీలు తమ గోడు చెప్పుకోగలిగే, షరియత్ కూడా తెలిసిన మహిళా లాయర్లు మన జిల్లాలకు ఎంతో అవసరం. వడ్డీ లేని ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో ఉద్యోగాలంటూ ఎవరైనా ఆశపెడితే మాత్రం నమ్మకండి, మన దేశంలో దాన్ని ముందుకు తీసుకెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే నిర్ణయించింది.

లాసెట్, క్లాట్ నోటిఫికేషన్లు రాగానే రెండింటికీ అప్లై చేయించండి.