గెలిచి గొప్పలు చెప్పుకున్నవాడి గురించి రాయాలంటే

మూలాపేట, నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన రెండు వ్యాసాలూ చేరాయి. వారం రోజులుగా నా మంచం పక్కనే ఉన్నాయి. రెండూ రెండో ప్రపంచ యుద్ధంలోని బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ మీదే. మొదటిదాంట్లో ఆయన ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సేనాని రోమెల్ మెడలు వంచిన మహావీరుడు. ఆరు నెలల తర్వాత రాసిన రెండోదాంట్లో పొగరుబోతు, పక్కవాడి కష్టాన్ని తన ఖాతాలో రాసుకున్నవాడు. "ఏది ఉంచమంటారు మాస్టారూ?" అని అడిగావు.

రెండూ పక్కన పెట్టు తల్లీ. నీ చదువులో లోపం లేదు. తేదీలు సరిగ్గా ఉన్నాయి, చాలా పుస్తకాలు తిరగేశావని తెలుస్తోంది. కానీ రెండింట్లోనూ ఒకే పని చేశావు. ముందు తీర్పు రాసుకుని, దానికి సరిపోయే సంగతులు ఏరి పేర్చావు. మొదట ఒక బుట్టలోవి, తర్వాత రెండో బుట్టలోవి.

'అహంకారి' అన్న మాట రెండో వ్యాసంలో పద్నాలుగు సార్లు వచ్చింది. లెక్కపెట్టాను. పద్నాలుగుసార్లు చెప్పినా ఆ అహంకారం నాకు కనపడలేదు. అది ఎవరి మీద పడిందో, ఎవరి అన్నం లాక్కుందో, ఎవరి ప్రాణం నిలబెట్టిందో చూపిస్తే ఆ మాట ఒక్కసారి కూడా అవసరం ఉండదు.

ఒట్టి ప్రగల్భాలకు మనకో మాట ఉంది, ఉత్తర కుమార ప్రగల్భాలు అని. తిక్కన గారు ఈ పెన్న ఒడ్డున విరాటపర్వంతోనే భారతం మొదలుపెట్టారు కాబట్టి మా ఊరివాళ్ళకి ఉత్తరుడు మరీ దగ్గరివాడు. ఆడవాళ్ళ ముందు కోతలు కోసి, కౌరవసేన కంటపడగానే రథం దూకి పరుగెత్తాడు. అలాంటివాడి గురించి రాయడం తేలిక. మాంట్‌గోమరీ అలాంటివాడు కాదు. కోతలు కోశాడు, గెలిచాడు, గెలిచాక ఇంకా పెద్దవి కోశాడు. కోసి గెలిచినవాడికి మన భాషలో సామెత లేదు. నీ కష్టం అక్కడే ఉంది, నీ వ్యాసం కూడా అక్కడే ఉంది.

ముందు ఆయనకు న్యాయం చెయ్యి. 1942 ఆగస్టు గుర్తు తెచ్చుకో. జూన్ 21న లిబియాలోని తోబ్రూక్ పోయింది. బ్రిటిష్ ఎనిమిదో సైన్యం వందల మైళ్ళు వెనక్కి వచ్చి ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర ఆగింది. చర్చిల్ మొదట ఎంచుకున్న సేనాని గాట్. ఆగస్టు 7న ఆయన విమానాన్ని జర్మన్లు కూల్చేశారు. ఆ ఖాళీలోకి మాంట్‌గోమరీ వచ్చాడు. ఆగస్టు 13న వచ్చీ రాగానే ఆఫీసర్లను కూర్చోబెట్టి, వెనక్కి పోవడానికి వేసిన ప్లాన్లన్నీ తగలబెట్టమన్నాడు. బతికి ఉండలేకపోతే ఇక్కడే చద్దామన్నాడు. అణకువ గల మనిషి ఆ మాట అనగలడా? అన్నా ఆ అలసిపోయినవాళ్ళు నమ్మేవారా? రెండు బ్యాడ్జీలు కుట్టిన ఆ నల్ల టోపీ నాటకమే. కానీ ఆ టోపీ చూసి వంటవాడి దాకా ప్రతి సిపాయికీ, మనకో నాయకుడున్నాడు, వాడికేదో ప్లాన్ తెలుసు అనిపించింది. ఆ ప్లాన్ అందరికీ చెప్పమని ఆయనే ఆర్డర్ వేశాడు. ఇవి ఆ అహంకారం చేసిన మంచి పనులు. తగ్గించి రాయకు.

ఇంకొకటి. 1914 అక్టోబరులో బెల్జియం సరిహద్దు దగ్గర మెటెరెన్‌లో ఆయన ఊపిరితిత్తి లోంచి తూటా పోయింది. కట్టు కట్టడానికి వచ్చిన సిపాయి కూడా తూటా తగిలి ఆయన మీదే పడి చనిపోయాడు. ఈయన కూడా బతకడని గొయ్యి తవ్వించారు. సిద్ధం కాకుండా మనుషుల్ని చావులోకి తోయకూడదన్న పట్టుదల ఆయనకు ఆ యుద్ధంలోనే వచ్చింది. అందుకే 1942లో అలమీన్ దగ్గర, చర్చిల్ తొందరపెట్టినా అక్టోబరు 23 రాత్రి దాకా కదలలేదు. మనుషులూ ట్యాంకులూ శత్రువుకి దాదాపు రెట్టింపు కూడాకే దిగాడు. అయినా పన్నెండు రోజుల్లో 13,500 మంది దాకా చనిపోయారు, గాయపడ్డారు, కనపడకుండా పోయారు. మొదటి ప్లాన్ మందుపాతరల్లో ఇరుక్కుంటే మధ్యలో మార్చుకున్నాడు. మార్చుకోవడం గొప్ప సేనాని లక్షణం. కానీ తర్వాత జీవితమంతా, అంతా నేను అనుకున్నట్టే జరిగింది అన్నాడు. 1944లో ఫ్రాన్స్ తీరాన నార్మండీలో దిగినప్పుడు కూడా అంతే. మొదటి రోజు పట్టుకోవాలనుకున్న కాన్ పట్టణం చేతికి రావడానికి జులై దాకా పట్టింది. అదీ ప్లానే అన్నాడు. ఈ ఒక్క అబద్ధం ఆయన చేసిన మంచి పనినే తినేసింది. దీని దగ్గర ఆగి రాయి. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1979 మే తుఫాను తర్వాత సముద్రం పక్క ఊళ్ళకు తిరిగి ఒక వారపత్రికకు రాసేవాణ్ణి. ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి, నీళ్ళలో చిక్కుకున్న వాళ్ళను తానెలా ఒడ్డుకు చేర్చాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాశాను. మంచి పేరొచ్చింది నాకు. రెండు నెలలకు ఆ ఊరి నుంచి ఒకావిడ పేపరు ముక్క చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "పడవ మా ఆయనది అయ్యా. నీళ్ళలోకి వేసింది కూడా ఆయనే. రెండోసారి పోయి తిరిగి రాలేదు. ఇందులో ఆయన పేరు ఎక్కడుందో చూపించండి" అంది. ఆమెకు చదవడం రాదు. అందుకని నన్నే చూపించమంది. నేను ఏం చూపించను? ఆ పెద్దమనిషి పడవలో ఉన్న మాట నిజమే, ధైర్యం చేసిన మాటా నిజమే. ఆయన నాకు చెప్పినదాంట్లో అబద్ధం దాదాపు లేదు. ఒక మనిషి లేడు, అంతే. నలభై ఏళ్ళు దాటింది, ఆ ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

అప్పటినుంచీ గొప్పవాడి కథ ఎవరు చెప్పినా పడవ ఎవరిదని అడుగుతున్నాను. నువ్వూ అడుగు.

అలమీన్ దగ్గర పడవ, మాంట్‌గోమరీకి ముందున్న సేనాని ఆకిన్‌లెక్‌ది. భారత సైన్యం మనిషి, మన సిపాయిల భాష తెలిసినవాడు. 1942 జులైలో రోమెల్‌ను అక్కడ ఆపింది ఆయన. ఆపినందుకు వచ్చిన ఫలితం పదవి పోవడం. అలమ్ హల్ఫా దిబ్బను కాపాడుకోవాలన్న ఆలోచన ఆయన దగ్గరున్న డోర్మన్-స్మిత్ కాగితాల్లో ముందే ఉంది. ఆగస్టు చివర రోమెల్ అక్కడికే వచ్చి దెబ్బ తిన్నాడు. మాంట్‌గోమరీ దాన్ని పూర్తిగా తన బుర్రలోంచి పుట్టినదిగా చెప్పుకున్నాడు. అదనపు డివిజన్‌ను తెప్పించి ఆ దిబ్బ మీద గట్టిగా పాతింది ఆయనే, అది కూడా రాయి. పైగా రోమెల్ ఎటు వస్తాడో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ రహస్య సందేశాలు విప్పేవాళ్ళు ముందే చెప్పారు. ఆ సంగతి 1974 దాకా లోకానికి తెలియనివ్వలేదు. ముప్పై ఏళ్ళు జనం దాన్ని సేనాని దివ్యదృష్టి అనుకున్నారు.

1958లో మాంట్‌గోమరీ తన జ్ఞాపకాలు అచ్చు వేశాడు. ఆకిన్‌లెక్ ఇంకా వెనక్కి పారిపోయే ఆలోచనలో ఉండేవాడన్నట్టు అందులో రాశాడు. ఆకిన్‌లెక్ గట్టిగా అభ్యంతరం చెప్పాక ప్రచురణకర్తలు వివరణ చేర్చాల్సి వచ్చింది. వెనక్కి తగ్గినవాడి మీద పడే మచ్చ ఎలాంటిదో నెల్లూరులో పుట్టిన నాకు బాగా తెలుసు. మా ఖడ్గతిక్కన ఒక్కరోజు యుద్ధం నుంచి తిరిగొస్తే, స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచారని చాటువు చెబుతుంది. మర్నాడు పోయి చచ్చిపోయాడు. ఏడువందల ఏళ్ళకు పైగా మేం ఆ కథను మెచ్చుకుంటూ చెప్పుకుంటున్నాం. చిన్నప్పుడు నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మంచం తలుచుకుంటే దిగులేస్తుంది. సైన్యాన్ని బతికించి వెనక్కి తెచ్చినవాడికి చాటువు ఎవరు కడతారు?

ఆకిన్‌లెక్‌కైనా పెద్ద పదవులు మళ్ళీ వచ్చాయి, మన దేశ సైన్యానికి సర్వసేనాని అయ్యాడు. పోలండ్ సేనాని సొసబోవ్‌స్కీ సంగతి చూడు. నీ వ్యాసాల్లో ఈయన అసలు లేడు. 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ వంతెన కోసం దించిన పది వేల మంది పైచిలుకులో తిరిగి నది దాటి వచ్చింది రెండు వేల పైచిలుకు. మాంట్‌గోమరీ వేసిన ఈ ప్లాన్ ప్రమాదమని ముందే చెప్పినవాళ్ళలో సొసబోవ్‌స్కీ ఒకడు. అయినా తన పారాచూట్ దళంతో దిగాడు, పోరాడాడు. అక్టోబరులో మాంట్‌గోమరీ పోలండ్ వాళ్ళు సరిగ్గా పోరాడలేదని పైకి ఉత్తరం రాశాడు. డిసెంబరులో ఆయన పదవి తీసేశారు. యుద్ధం అయ్యాక సొంత దేశానికి పోలేక, ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ కూలీగా బతికి 1967లో పోయాడు. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2006లో ఆయనకు పతకం ఇచ్చి గౌరవించింది. మాంట్‌గోమరీ మాత్రం ఆ దాడి నూటికి తొంభై పాళ్ళు గెలిచిందన్నాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి, మధ్యలో నీ మాట ఒక్కటి కూడా పెట్టకుండా వదిలెయ్యి.

అదే మనిషి బెల్జియంలోని యాంట్‌వర్ప్ రేవు దారిని వెంటనే తెరిపించకపోవడం తన తప్పేనని అదే జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. అది నీ రెండో వ్యాసానికి అడ్డం వస్తుందని వదిలేశావు కదూ? అడ్డం వచ్చేవి వదలకు.

అమెరికా వాళ్ళతో తగాదా త్వరగా ముగించు. పై సేనాని ఐసెన్‌హోవర్ విసిగిపోయి ఆయనా నేనా అని పైవాళ్ళకు రాయబోతే, మాంట్‌గోమరీ చీఫ్ ఆఫ్ స్టాఫ్ డి గింగాండ్ పరుగున వెళ్ళి ఆపి, క్షమాపణ ఉత్తరం తానే రాసి సంతకం పెట్టించాడు. ఇదొక్కటి చాలు. పత్రికల వాళ్ళతో ఆయన మాట్లాడిన మాటలకు నువ్వు ఇచ్చిన మూడు పేజీలు దండగ.

విరాటపర్వంలో ఇంకో ఘట్టం ఉంది. కొడుకు కౌరవుల్ని గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటే, కంకుభట్టు బృహన్నల పేరు ఎత్తుతాడు. మళ్ళీ ఎత్తుతాడు. రాజు పాచికలతో ముఖాన కొడతాడు, నెత్తురు నేల మీద పడకుండా సైరంధ్రి పట్టుకుంటుంది. కంకుభట్టు ఉత్తరుణ్ణి ఒక్క మాట తిట్టలేదు చూడు. రావలసిన పేరు చెప్పాడంతే. నీ రెండో వ్యాసంలో నాకు నచ్చనిది ఇదే. తిట్టు ఉంది, పేర్లు లేవు.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సంగతి. నీ మొదటి ఉత్తరంలో నాలుగు లైన్లు రాశావు. మీ ముత్తాత మద్రాస్ సాపర్స్‌లో చేరి ఎడారికి వెళ్ళొచ్చారని, రేకు పెట్టెలో నక్షత్రం లాంటి పతకం ఒకటి ఉందని, చిన్నప్పుడు దాంతో ఆడుకునేదాన్నని. ఈ పిచ్చి నీకు అక్కణ్ణించే పట్టిందన్నావు. మరి రెండు వ్యాసాల్లో ఎక్కడా ఆయన లేడే! ఆయన్ను నువ్వే మింగేశావు, మాంట్‌గోమరీ కాదు.

నాలుగో భారత డివిజన్‌లో మద్రాస్ సాపర్ల కంపెనీ ఉండేది. సాపర్లంటే దారి వేసేవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు, బాయినెట్‌తో ఇసుక గుచ్చి మందుపాతరలు వెతికేవాళ్ళు. అలమీన్ యుద్ధంలో ఆ డివిజన్‌ను రువైసాత్ దిబ్బ మీద పక్క పనికి ఉంచారు. గెలిచాక యుద్ధభూమి శుభ్రం చేసే పని అప్పగించారు. దాని సేనాని టకర్‌కు ఆ కోపం పోనే లేదు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలోని వాడీ అకారిత్ దగ్గర అదే డివిజన్ గూర్ఖాలు చీకట్లో కొండెక్కి దారి తెరిచారు. లాల్‌బహదూర్ థాపాకు విక్టోరియా క్రాస్ వచ్చింది.

ఆ నక్షత్రం బహుశా ఆఫ్రికా స్టార్. దాని రిబ్బన్ మీద '8' అంకె ఉన్న చిన్న లోహపు ముక్క కొందరికే ఇచ్చారు. ఎనిమిదో సైన్యంలో 1942 అక్టోబరు 23 నుంచి పనిచేసిన వాళ్ళకు. అంటే మాంట్‌గోమరీ దాడి మొదలైన రోజు నుంచి. జులైలో రోమెల్‌ను ఆపి, అక్టోబరుకు ముందే వేరే చోటికి పోయినవాళ్ళకు, ఆస్పత్రి పాలైనవాళ్ళకు, అక్కడే ఇసుకలో ఉండిపోయినవాళ్ళకు ఆ అంకె లేదు. ఆకిన్‌లెక్‌కూ లేదు.

ఈ ఆదివారం మీ అమ్మమ్మ గారి ఊరు వెళ్ళు. పెట్టె దింపించు. రిబ్బన్ చివికిపోయి ఉంటుంది, మెల్లగా తియ్యి. అంకె ఉందేమో చూడు. లేకపోతే దాని గుర్తు, రెండు చిన్న కన్నాలో దారం ముడో ఉందేమో చూడు. పెట్టెలో డిశ్చార్జి కాగితం ఉంటే కంపెనీ నంబరు రాసుకో. ఆ టోపీ దొర గురించి ఆయన ఇంట్లో ఎప్పుడన్నా ఏమన్నా అన్నారేమో అమ్మమ్మను అడుగు. ఏమీ అనలేదంటే అదే రాసుకో. చూసిన రోజు రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా ఫర్వాలేదు.

మీ మాస్టారు